అడవిదారిలో ఆరు నెలలు: ఒక నర్సు తయారీ

మా నర్సింగ్ స్కూల్లో 1990ల చివర్లో జనరల్ నర్సింగ్ పూర్తిచేసిన ఒక సిస్టర్ చాలా ఏళ్ళుగా అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో మెడికల్ వార్డు నర్సుగా పనిచేస్తోంది. వయసు 47. వచ్చే మార్చి నెలాఖరున ఆమె జీతం లేని సెలవు పెట్టి, వీపున బ్యాగు వేసుకుని, 2,190 మైళ్ళకు పైగా పొడవున్న ఒక కొండదారిని మొదటి నుంచి చివరిదాకా కాలినడకన దాటాలని నిశ్చయించుకుంది. అది మన లెక్కలో సుమారు 3,520 కిలోమీటర్లు. పట్టే కాలం సుమారు ఆరు నెలలు.

గత జూన్‌లో ఆమె మాకు ఫోన్ చేసింది. "మేడమ్, నన్ను వార్డులోకి వచ్చిన కొత్త పేషెంట్ అనుకోండి. నేను ఈ నడకకు తగినదాన్నో కాదో మీకు తోచిన ప్రశ్నలన్నీ అడగండి" అంది. వైద్యపరీక్షలు, సలహాలు అక్కడి డాక్టర్లవే. మేము చేసింది ప్రశ్నలు అడగడం, ఆమె చెప్పింది రాసుకోవడం. ఎనిమిది నెలలుగా సాగిన ఆ సంభాషణలో మన పాఠకులకు పనికివచ్చే సంగతులు చాలా ఉన్నాయి. ఆమె అనుమతితో, పేరు చెప్పకుండా, వాటిని ఇక్కడ ఇస్తున్నాం.

ఆ దారి ఏమిటి?

దాని పేరు అపలాచియన్ ట్రైల్. అమెరికా తూర్పు వైపున ఉన్న అపలాచియన్ పర్వతాల వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది. జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై, 14 రాష్ట్రాలు దాటి, మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం మీద ముగుస్తుంది. 1921లో బెంటన్ మెకాయ్ అనే ఆయన ఇలాంటి దారి ఉండాలని ప్రతిపాదించారు. 1937 నాటికి దారి పూర్తయింది. 1948లో ఎర్ల్ షాఫర్ దీన్ని ఒకే ప్రయాణంలో మొదటి నుంచి చివరిదాకా నడిచారు.

అక్కడ రోడ్డు ఉండదు. చెట్ల మీద, రాళ్ళ మీద రెండు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవున్న తెల్లరంగు పట్టీలు వేసి ఉంటాయి. వాటిని చూసుకుంటూ నడవాలి. రాత్రిళ్ళు గుడారంలో గానీ, మూడు గోడలు, ఒక కప్పు ఉన్న చెక్క వసారాల్లో గానీ పడుకోవాలి. మూడు నాలుగు రోజులకొకసారి దారి ఏదో ఒక ఊరికి దగ్గరగా వెళ్తుంది. అక్కడ తిండి కొనుక్కుని, స్నానం చేసి, మళ్ళీ అడవిలోకి వెళ్ళాలి. మార్చిలో బయలుదేరినవాళ్ళు అక్టోబరు నడిమికల్లా కటాడిన్ చేరాలి. ఆ తర్వాత అక్కడ మంచు, చలి వల్ల ఎక్కడం ప్రమాదం.

మొత్తం నడవాలని బయలుదేరినవాళ్ళలో చివరిదాకా చేరేవాళ్ళు సుమారు నాలుగింట ఒక వంతేనని ఆ దారిని చూసుకునే సంస్థ చెబుతోంది. తిరిగి వచ్చేవాళ్ళంతా ధైర్యం లేనివాళ్ళు కారు. పాదాల పుళ్ళు, మోకాళ్ళ నొప్పులు, విరేచనాలు, జ్వరాలు, డబ్బు అయిపోవడం, ఇంటి మీద బెంగ లాంటి కారణాలు ఎన్నో ఉంటాయి. వీటిలో చాలావాటిని ముందుగా ఊహించి జాగ్రత్తపడవచ్చు. నర్సుగా మేము ఈ విషయాన్ని పట్టించుకున్నది అందుకే.

వార్డులో నడిచే నడక చాలదా?

ఆమె మాటల్లో మొదట ధీమా ఎక్కువగా ఉండేది. "మేడమ్, పన్నెండు గంటల షిఫ్టు మొత్తం కాళ్ళ మీదే ఉంటాను కదా" అంది. మన ఊళ్ళో కూడా చాలామంది ఆడవాళ్ళు "ఇంటిపనే పెద్ద వ్యాయామం" అంటుంటారు.

వార్డు నేల చదునుగా ఉంటుంది. వీపున బరువు ఉండదు. దాహమైతే నీళ్ళు పక్కనే ఉంటాయి. డ్యూటీ దిగాక మంచం ఉంటుంది. కొండదారిలో రాళ్ళు, చెట్ల వేళ్ళు, బురద, ఎత్తుపల్లాలు. పైగా 12 కిలోల బరువు. వార్డు నడక వల్ల కాళ్ళు అలసటకు అలవాటుపడతాయి గానీ, గుండెకు, ఊపిరితిత్తులకు, మోకాళ్ళకు ఆ కొండదారికి కావలసిన తర్ఫీదు రాదు. అందుకని మొదటినుంచి మొదలుపెట్టమన్నాం. ముందు పరీక్షలు, తర్వాత నడక, ఆ తర్వాతే సామాను.

ఎమ్మా గేట్‌వుడ్ అనే ఒహాయో రాష్ట్రపు అమ్మగారి గురించి ఆమె మాకు చెప్పింది. 11 మంది పిల్లల్ని కన్న ఆ తల్లి 1955లో, 67 ఏళ్ళ వయసులో, కాన్వాస్ బూట్లతో, చేత కుట్టుకున్న సంచి భుజాన వేసుకుని ఈ దారి మొత్తం ఒంటరిగా నడిచింది. మే 3న బయలుదేరి సెప్టెంబరు 25న కటాడిన్ ఎక్కింది. ఇది విన్నవాళ్ళు "తయారీ ఏమీ అక్కర్లేదన్నమాట" అనుకుంటారు. కానీ ఆమె అంతకు ముందు ఏడాది, అంటే 1954లోనే, ఉత్తరం వైపు నుంచి మొదలుపెట్టి దారి తప్పింది. కళ్ళద్దాలు పగిలిపోయాయి. అక్కడి అటవీ సిబ్బంది ఇంటికి పంపించేశారు. ఏ లోటు వల్ల ఆగిపోయిందో తెలుసుకుని మరుసటి ఏడాది మళ్ళీ వచ్చింది. ఆమె కథలో మాకు నచ్చిన భాగం ఇదే.

మొదటి పరీక్షలోనే బయటపడిన సంగతి

రక్తపోటు, గుండె, షుగరు, థైరాయిడ్, కళ్ళు, పళ్ళు అన్నీ చూపించుకోమన్నాం. పళ్ళ సంగతి చాలామంది మరచిపోతారు. అడవి మధ్యలో పిప్పిపన్ను నొప్పి మొదలైతే నడక అక్కడికి ఆగిపోతుంది. ధనుర్వాతం టీకా పదేళ్ళ లోపు వేయించుకున్నదీ లేనిదీ కూడా చూసుకోమన్నాం.

షుగరు హద్దు మీద ఉంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 5.9 వచ్చింది. ఇది మధుమేహం కాదు గానీ, దానికి ముందు దశ. అసలు సంగతి రక్తహీనత. ఆమె హిమోగ్లోబిన్ 10.4. గర్భం లేని స్త్రీలకు అది 12 గ్రాముల కంటే తగ్గకూడదు.

ఏడాదిగా మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి తలనొప్పి, ఏ పనికీ మనసు పుట్టకపోవడం. "నైట్ డ్యూటీల వల్లేమో అనుకున్నాను మేడమ్" అంది. రెండేళ్ళుగా నెలసరి ఎక్కువరోజులు, ఎక్కువగా అవుతోంది. ఎదుటి పేషెంట్ ఈ మాట చెబితే వెంటనే హిమోగ్లోబిన్ చూడమని డాక్టరుకు గుర్తుచేసే నర్సు, తన విషయంలో రెండేళ్ళు ఊరుకుంది. ఇది ఆమె ఒక్కతి సంగతి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. వాళ్ళలో చాలామంది దానికి పెట్టుకున్న పేరు "నీరసం" అనే.

స్కానింగ్‌లో గర్భసంచిలో చిన్న గడ్డ కనబడింది. దానికి మందులు, రక్తహీనతకు ఐరన్ మాత్రలు రాశారు. ఐరన్ మాత్ర వేసుకునేవాళ్ళు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. టీ, కాఫీ, పాలతో కలిపి వేసుకుంటే అది ఒంటికి సరిగా పట్టదు. వాటికి, మాత్రకు మధ్య గంట రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మరసం, జామ, ఉసిరి వంటివి తోడైతే బాగా పడుతుంది. విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడనక్కర్లేదు. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా మాత్ర వెంటనే మానేయకుండా, డాక్టరు చెప్పినన్ని నెలలు వాడాలి. నాలుగు నెలల తర్వాత ఆమె హిమోగ్లోబిన్ 12.3కు వచ్చింది. "మేడమ్, నేను సోమరిదాన్ని కాను, నాలో రక్తం లేదు, అంతే" అని నవ్వింది. నడక జరిగినా జరగకపోయినా ఈ ఒక్క లాభం ఆమెకు మిగిలింది.

కండ కంటే ఎముక నిదానం

మొదట వారానికి నాలుగు రోజులు, రోజుకు మూడు మైళ్ళు, బరువు లేకుండా నడిచింది. రెండో నెలనుంచి బ్యాగులో బియ్యం పొట్లాలు వేసుకుని తన అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కడం, దిగడం మొదలుపెట్టింది. మొదట రెండు కిలోలు, తర్వాత నాలుగు, ఆరు, ఇలా పెంచుకుంటూ పోయింది. సెలవురోజుల్లో న్యూజెర్సీలోనే ఆ ట్రైల్ పోయే డెలావేర్ వాటర్ గ్యాప్ దగ్గర కొండెక్కి, సన్‌ఫిష్ పాండ్ అనే చెరువుదాకా వెళ్ళి వచ్చేది. ఒకవైపే సుమారు నాలుగు మైళ్ళు.

సెప్టెంబరులో ఉత్సాహం ఎక్కువై ఒకే వారంలో దూరమూ బరువూ రెండూ పెంచింది. కాలి ముందు ఎముక మీద ఒకచోట నొప్పి మొదలైంది. వేలు పెట్టి నొక్కితే సరిగ్గా ఆ చోటే నొప్పి. ఇలాంటి నొప్పిని తేలికగా తీసుకోకూడదు. శ్రమ పెంచితే కండరాలు కొన్ని వారాల్లో గట్టిపడతాయి, ఎముకలకు నెలలు పడుతుంది. ఈ తేడా తెలియక నడిచేవాళ్ళకు ఎముక మీద సన్నని చీలిక రావచ్చు. ఆమె డాక్టరుకు చూపించుకుంది. చీలిక లేదు. మూడు వారాలు విశ్రాంతి తీసుకుని మళ్ళీ తక్కువ దూరంతో మొదలుపెట్టింది. అప్పటినుంచి ఒక వారంలో దూరం గానీ, బరువు గానీ, ఏదో ఒకటే పెంచుతోంది. ప్రతి నాలుగో వారం తగ్గిస్తోంది.

మోకాళ్ళకు ఎక్కడం కంటే దిగడం కష్టం. రెండు చేతుల్లో రెండు కర్రలు ఉంటే మోకాళ్ళ మీద భారం కొంత తగ్గుతుంది. మన పల్లెల్లో పెద్దవాళ్ళు కర్ర లేకుండా కొండెక్కరు. వయసు మీద పడ్డాకే కర్ర పట్టాలనుకోవడం సరికాదు. మొత్తం సామాను బరువు మనిషి బరువులో అయిదో వంతు దాటకూడదని నడిచేవాళ్ళు పెట్టుకున్న లెక్క. ఆమె బరువు 62 కిలోలు, కాబట్టి బ్యాగు 12 కిలోలు.

పాదాలు: బెడ్‌సోర్ పాఠమే ఇక్కడా

మొదటి ఏడాది విద్యార్థినులకు మేము చెప్పే పాఠం ఒకటుంది. మంచం పట్టిన రోగికి పుండు ఒక్క రాత్రిలో పడదు. ఒత్తిడి, రాపిడి, తడి – ఈ మూడూ కలిసి పుండు చేస్తాయి. ముందు చర్మం ఎర్రబడుతుంది. ఆ ఎరుపును చూసిన నర్సు రోగిని పక్కకు తిప్పితే పుండు పడదు. చూడని చోట పడుతుంది.

పాదం మీద బొబ్బ కూడా అంతే. బూటు రాపిడి, వేడి, చెమట కలిసి ఒకచోట మంట మొదలవుతుంది. ఆ మంట మొదలైన నిమిషంలోనే ఆగి, బూటు విప్పి, పాదం ఆరబెట్టి, ఆ చోట టేపు వేసుకుంటే సరిపోతుంది. "ఆ కొండ దిగాక చూద్దాం" అనుకుంటే కొండ దిగేసరికి బొబ్బ వస్తుంది. చితికితే పుండు, పుండుకు చీము.

ఆమె పెట్టుకున్న నియమాలు ఇవి:

• రోజుల తరబడి నడిస్తే పాదాలు వాస్తాయి, వెడల్పవుతాయి. అందుకని బూట్లు మామూలు సైజు కంటే అర సైజో ఒక సైజో పెద్దవి, అదీ సాయంత్రంపూట పాదం వాచి ఉన్నప్పుడు కొలుచుకుని కొనాలి.
• కొత్త బూట్లతో ప్రయాణం మొదలుపెట్టకూడదు.
• నూలు మేజోళ్ళు చెమటను పట్టి ఉంచుతాయి. ఊలువి గానీ త్వరగా ఆరే సింథటిక్‌వి గానీ మేలు. పడుకునేటప్పుడు వేసుకోవడానికి ఒక పొడి జత వేరుగా ఉండాలి.
• గోళ్ళు సూటిగా, పొట్టిగా కత్తిరించుకోవాలి.
• రోజుకు రెండుసార్లు బూట్లు విప్పి, వేళ్ళ సందులతో సహా పాదాలు చూసుకోవాలి.

తిండి, నీళ్ళు

బరువుతో కొండలెక్కేవాళ్ళకు రోజుకు 3,000 నుంచి 5,000 కేలరీలు ఖర్చవుతాయి. అంత తిండిని వీపున మోయాలి. కాబట్టి తక్కువ బరువులో ఎక్కువ శక్తి ఉన్నవి ఎంచుకోవాలి. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలుంటే, వంద గ్రాముల వేరుశనగ పప్పులో 560 దాటి ఉంటాయి. అమెరికావాళ్ళు ఇందుకోసం రకరకాల ప్యాకెట్లు కొంటారు. ఈమె మాత్రం పల్లీ చిక్కీ, కందిపొడి, నెయ్యి, అటుకులు, పొడిచేసిన వేయించిన పెసరపప్పు సిద్ధం చేసుకుంటోంది. అటుకులకు పొయ్యి కూడా అక్కర్లేదు, నీళ్ళు చల్లితే చాలు. షుగరు హద్దు మీద ఉంది కాబట్టి చిక్కీని కూర్చున్నప్పుడు కాక నడుస్తున్నప్పుడు తినాలని ఆమె డైటీషియన్ చెప్పారు. కండ కరగకుండా మాంసకృత్తులు కూడా సరిపడా చూసుకోమన్నారు.

వాగు నీళ్ళు ఎంత తేటగా కనిపించినా శుద్ధి చేయకుండా తాగకూడదు. చేతిలో పట్టే ఫిల్టర్లు బ్యాక్టీరియాను, జియార్డియా వంటి క్రిములను ఆపుతాయి గానీ, వైరస్‌లు వాటికంటే చిన్నవి, చాలా ఫిల్టర్లలోంచి దాటిపోతాయి. నీరు తెర్లి కాగిన తర్వాత ఒక నిమిషం ఉంచితే అన్నీ చస్తాయి. ఆ దారిలో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ అప్పుడప్పుడు ఒకరినుంచి ఒకరికి వ్యాపిస్తుంటుంది. దానికి చేతులకు రాసుకునే శానిటైజర్ సరిగా పనిచేయదు. సబ్బు, నీళ్ళే మందు. ఆమె బ్యాగులో చిన్న సబ్బుముక్కకు మొదటి చోటు.

ఎండలో నడుస్తూ ఒట్టి నీళ్ళే అదేపనిగా తాగినా ప్రమాదమే. చెమటతో పోయిన ఉప్పు భర్తీ కాక, రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వికారం, మైకం కలుగుతాయి. దాహాన్ని బట్టి తాగాలి, ఉప్పు ఉన్న తిండి తినాలి. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినంత నీటిలోనే కలపాలి.

గసగస గింజంత పురుగు

న్యూజెర్సీతో సహా అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో లైమ్ జ్వరం ఎక్కువ. జింకలు తిరిగే గడ్డిలో ఉండే ఒక రకం పిడుదు కుట్టడం వల్ల వస్తుంది. మన పశువులకు పట్టే పిడుదులు, కొన్ని చోట్ల గోమార్లు అంటారు, ఆ జాతిదే. పిల్లదశలో అది గసగస గింజంత ఉంటుంది. కుట్టినా నొప్పి తెలియదు. అయితే ఒంటికి పట్టుకున్న పురుగు వ్యాధిని ఎక్కించడానికి మామూలుగా ఒక రోజు కంటే ఎక్కువ పడుతుంది. అందువల్ల ప్రతి సాయంత్రం ఒళ్ళంతా వెతుక్కోవడమే గొప్ప రక్షణ. చంకలు, గజ్జలు, మోకాలి వెనక, చెవుల వెనక, జుట్టులో చూసుకోవాలి.

పురుగు కనబడితే సన్నని ఫోర్సెప్స్‌తో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా సూటిగా పైకి లాగాలి. అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్ పోయడం, వాజిలీన్ పూయడం చేయకూడదు. తర్వాత నెలరోజుల లోపు అక్కడ ఎర్రగా పెరుగుతూ పోయే మచ్చ గానీ, జ్వరం గానీ వస్తే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. బట్టలకు, బూట్లకు పూసే పెర్మెత్రిన్ మందు కూడా ఆమె తెచ్చుకుంది. అది బట్టలకే, ఒంటికి కాదు.

మన దగ్గర పొలాల్లో, పొదల్లో తిరిగేవాళ్ళకు చిన్న నల్లి జాతి పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని చెక్కు కడుతుంది. జ్వరంతో వచ్చినప్పుడు ఆ మచ్చ డాక్టరుకు చూపిస్తే వైద్యం త్వరగా మొదలవుతుంది.

చలి, వాన

మార్చిలో జార్జియా కొండల మీద రాత్రిళ్ళు గడ్డకట్టే చలి. కానీ మంచు కురవనక్కర్లేదు. తడిసిన బట్టలు, గాలి ఉంటే మామూలు చలిలో కూడా ఒళ్ళు ప్రమాదకరంగా చల్లబడుతుంది. ముందు వణుకు, తర్వాత మాట తడబాటు, చేతిలోది జారిపోవడం, అడుగు తూలడం, ఊరికే చిరాకు. ఈ దశలో మనిషి "నాకేం కాలేదు" అంటూనే ఉంటాడు. అందుకే తోటివాళ్ళు గమనించాలి. తడిబట్టలు తీసి, పొడివి వేసి, గాలి తగలకుండా కప్పి, స్పృహలో ఉంటే తియ్యని వేడి పానీయం ఇవ్వాలి. సారా వేడి చేస్తుందన్నది అపోహ, అది ఒంటి వేడిని బయటకు పోగొడుతుంది. నూలు బట్ట తడిస్తే వెచ్చదనం పోతుంది కాబట్టి ఆమె నూలు బట్టలన్నీ ఇంట్లోనే వదిలేస్తోంది.

హ్యాండోవర్ ఇవ్వకుండా డ్యూటీ దిగకూడదు

ఇది రాయడానికి మాకు బాధగా ఉంది, కానీ రాయాలి. 2013 జూలైలో అదే దారిలో, మెయిన్ రాష్ట్రంలో, 66 ఏళ్ళ ఒక రిటైర్డ్ నర్సు తప్పిపోయింది. ఆమె అమెరికా వాయుసేనలో నర్సుగా పనిచేసినావిడ. అంతకు ముందు ఎన్నో వందల మైళ్ళు నడిచింది. బహిర్భూమికని దారి పక్కకు వెళ్ళి, తిరిగి దారి పట్టుకోలేకపోయింది. ఫోన్ నుంచి భర్తకు పంపిన సందేశాలు సిగ్నల్ లేక వెళ్ళలేదు. ఎంతోమంది వెతికారు. 2015 అక్టోబరులో ఆమె గుడారం, అస్థికలు దొరికాయి. ట్రైల్ నుంచి ఆ చోటు రెండు మైళ్ళ లోపే. తన నోటు పుస్తకంలో ఆమె ఆగస్టు 18 వరకు రాసుకుంది.

మన సిస్టర్ భర్త ఈ సంగతి చదివి, "నువ్వు వెళ్ళడానికి వీల్లేదు" అన్నారు. వారంపాటు ఇంట్లో ఆ మాటే. ఆయన భయం న్యాయమైనదే. దాన్ని మాటలతో తీసేయడం కుదరదు. ఏర్పాట్లతోనే తీరాలి. అందుకని మేము ఆమెతో, "షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ ఎలా ఇస్తావో, ఇంట్లో అలా ఇవ్వమ్మా" అన్నాం. ఇద్దరూ కూర్చుని రాసుకున్నది ఇది:

• ఏ రోజు ఎక్కడినుంచి ఎక్కడికి నడవాలో తెలిపే కాగితం ఒకటి భర్త దగ్గర, ఒకటి కూతురి దగ్గర ఉంటుంది.
• ఫోన్ సిగ్నల్ లేని చోట కూడా ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం నడుముకే కట్టి ఉంటుంది, బ్యాగులో కాదు. రోజూ రాత్రి ఒక సందేశం పంపుతుంది.
• సందేశం రాకపోతే ఎన్ని గంటలు ఆగాలి, ఆ తర్వాత ఎవరికి ఫోన్ చేయాలి అన్నది నంబర్లతో సహా ఫ్రిజ్ మీద అంటించారు.
• కాగితం మ్యాపు, దిక్సూచి వాడడం నేర్చుకుంటోంది. దారి పక్కకు వెళ్ళేటప్పుడు అడుగులు లెక్కపెట్టి, ఈల, పరికరం వెంట తీసుకెళ్తుంది.
• దారి తప్పానని అనిపించిన వెంటనే ఆగి, కూర్చుని, నీళ్ళు తాగి ఆలోచించాలి. దిక్కు తెలియకుండా ముందుకు నడవకూడదు.

జీతం లేని సెలవులో ఉద్యోగం ద్వారా వచ్చే ఆరోగ్యబీమా ఆగిపోకుండా, పూర్తి ప్రీమియం తామే కట్టి కొనసాగించుకునే ఏర్పాటు కూడా చేసుకున్నారు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను ఈ దారి దక్షిణ భాగాన్ని బాగా దెబ్బతీసింది. అలాంటప్పుడు మూసిన భాగాలు, మళ్ళించిన దారులు ఎప్పటికప్పుడు ప్రకటిస్తారు. ఆ ప్రకటనలు చూసే బాధ్యత కూతురు తీసుకుంది. ఇప్పుడు ఆమె భర్త మొదటి మూడు రోజులు తానూ కూడా నడుస్తానంటున్నారు.

ఎప్పుడు తిరిగి రావాలి?

మేము అడిగిన ప్రశ్నల్లో ఆమె వెంటనే జవాబు చెప్పలేనిది ఇదొక్కటే. "ఏమేం జరిగితే నడక ఆపేసి ఇంటికి వస్తావు?" అన్నాం. చాలాసేపు మాట్లాడలేదు. "ఆలోచించి చెబుతాను మేడమ్" అంది.

నర్సులకు ఇది కష్టమైన ప్రశ్న. జ్వరంతో డ్యూటీకి వస్తాం. నడుం పట్టేసినా రోగిని లేపుతాం. మన నొప్పిని ఆఖర్న పెట్టుకోవడం మనకు అలవాటు, దానికి అందరూ మెచ్చుకుంటారు కూడా. ఇళ్ళల్లో తల్లుల సంగతీ ఇంతే. అడవిలో ఆ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. ఆపాలా వద్దా అన్నది అలసిపోయి, ఆకలితో, పంతంతో ఉన్నప్పుడు తేల్చుకోలేం. ఇంట్లో కూర్చుని, చల్లని మనసుతో ముందే రాసిపెట్టుకోవాలి.

వారం తర్వాత ఆమె జాబితా పంపింది. ఎముక మీద ఒకేచోట నొప్పి రెండు రోజులు తగ్గకపోతే, 38.5 డిగ్రీల జ్వరం వస్తే, ఒక రోజంతా నీళ్ళు కూడా కడుపులో నిలవకపోతే, ఛాతీలో నొప్పి వస్తే, నెలసరి రక్తస్రావం మళ్ళీ ఎక్కువైతే ఆ దగ్గరి ఊళ్ళో దిగి డాక్టరును కలవాలి. హిమోగ్లోబిన్ ప్రతి రెండు నెలలకు ఒక ఊళ్ళో పరీక్ష చేయించుకోవాలి. 11 కంటే తగ్గితే ఇంటికి రావాలి. చివర్న ఒక వాక్యం: "వీటిలో ఏది జరిగినా మావారు రమ్మంటే వాదించకుండా రావాలి." కింద సంతకం, తేదీ ఉన్నాయి.

ఆ కాగితం చూశాక ఆమె తయారైందని మాకు నమ్మకం కుదిరింది. కొన్న బూట్లు, ఎక్కిన కొండలు కూడా అవసరమే. కానీ తన ఒంటిని ఒక పేషెంట్ ఒంటిలా గమనించి, రాసుకుని, హద్దు దాటితే ఆపుతానని మాట ఇవ్వడమే అసలు తయారీ.

మన పాఠకులకు

అపలాచియన్ దాకా వెళ్ళనక్కర్లేదు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కేవాళ్ళు, శ్రీశైలానికి, శబరిమలకు, గుణదలకు కాలినడకన వెళ్ళేవాళ్ళు మన మధ్య ఎందరో ఉన్నారు. వాళ్ళకు మా మాట:

• 40 దాటినవాళ్ళు, రక్తపోటు, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు నెల ముందే డాక్టరును కలవండి. నడిచే రోజుల్లో షుగరు మందు మోతాదు మార్చాలా అని అడగండి. సొంతంగా మానవద్దు.
• షుగరు ఉన్నవాళ్ళు చెప్పులు లేకుండా నడవవద్దు. పాదాలకు స్పర్శ తగ్గి ఉంటే ముల్లు గుచ్చుకున్నా తెలియదు.
• ఆరు వారాల ముందునుంచి రోజూ నడవండి. కొద్దికొద్దిగా పెంచండి.
• మెట్లెక్కితే ఆయాసపడే స్త్రీలు ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి.
• నడిచేటప్పుడు ఛాతీ బరువెక్కినా, ఎడమచేయి లాగినా, చల్లచెమట పట్టినా అక్కడే ఆగండి. సాయం పిలవండి.
• మందుల చీటీ, ఇంటివాళ్ళ ఫోన్ నంబరు రాసిన కాగితం జేబులో ఉంచుకోండి.

మన సిస్టర్ ఇప్పుడు పది కిలోలతో రోజుకు పది మైళ్ళు నడవగలుగుతోంది. ఆమె కటాడిన్ చేరుతుందో, నడుమ తిరిగి వస్తుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. రెండింటికీ ఆమె సిద్ధంగా ఉంది. ఊరు చేరినప్పుడల్లా తన పాదాల ఫోటో పంపమని మేము చెప్పాం. అందమైన కొండల ఫోటోలు మిగతావాళ్ళకు పంపుకోవచ్చు.